చెరువు పచ్చగానే ఉంది, తెల్లవారుజామున చేపలు నీటిపైకి ఎందుకొస్తున్నాయి?

కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు శీలావతి, బొచ్చె చెరువుల్లో వానాకాలం మబ్బులు కమ్మగానే మొదలయ్యే బాధ ఇది. సాయంత్రం మేత బాగానే తిన్న చేపలు తెల్లవారుజామున నోళ్లు తెరుచుకుని పైన తేలతాయి. జబ్బనుకుని మందు చల్లకండి. ముందు ఆక్సిజన్ కొలవండి. అదీ ఉదయం పదింటికి కాదు: సూర్యోదయానికి ముందోసారి, మధ్యాహ్నం మూడింటికి మరోసారి.

తెల్లవారుజాము రీడింగ్ తక్కువుంటే అందరూ కంగారుపడతారు. అసలు సంగతి తెలిసేది మూడింటికి. ఆరోగ్యంగా ఉన్న దట్టమైన ప్లాంక్టన్ (నీటిని పచ్చగా ఉంచే, కంటికి కనిపించని సూక్ష్మ నాచు) ఎండరోజున ఆ వేళకు ఆక్సిజన్‌ను లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిస్తుంది. ఎండ కాస్తున్నా 5 దగ్గరే ఆగిందంటే ప్లాంక్టన్ చచ్చిపోతున్నట్టే. చచ్చినా దాని పచ్చరంగు వెంటనే పోదు. రైతును దెబ్బతీసేది ఆ రంగే. పీహెచ్‌లోనూ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) గుర్తు దొరుకుతుంది: ఉదయం 7.8, మధ్యాహ్నం 8.8 చూపించే చెరువు రెండు పూటలా 7.6 దగ్గర నిలబడిపోతుంది. ఆ తర్వాతే నీరు గోధుమరంగుకు తిరిగి, నురగ కట్టి, అమ్మోనియా పెరుగుతుంది.

మూలం చాలాసార్లు ముందే కనిపిస్తుంది. మేత ఎక్కువైన చెరువులో ప్లాంక్టన్ చిక్కబడి, సెక్కి డిస్క్ (నీటి తేటదనం చూడటానికి దించే నలుపు తెలుపు బిళ్ల) 20 సెంటీమీటర్లలోపే మాయమవుతుంది. పైపొర నీడలో కిందిదానికి వెలుతురు అందదు. దానికి నాలుగు రోజుల ముసురు తోడైతే మొత్తం ఒక్కసారిగా పడిపోతుంది. డిస్క్ కనిపించే లోతును 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంచుకోవాలి.

పడిపోతే మేత పూర్తిగా ఆపండి. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు సాయంత్రం నుంచి పొద్దెక్కేదాకా తిప్పండి. అడుగు నీరు 10-15 శాతం తీసి మంచినీరు పెట్టండి. గాలివాటున మూలకు చేరిన తెట్టును వలగుడ్డతో ఎత్తేయండి. మైలుతుత్తం వద్దు, మిగిలిన ప్లాంక్టన్‌నూ చంపుతుంది. కాల్చిన సున్నమూ వద్దు, పీహెచ్ పెరిగితే ఉన్న అమ్మోనియానే విషమవుతుంది. ఎరువు అక్కర్లేదు, కుళ్లే ప్లాంక్టన్ నుంచే నత్రజని, భాస్వరం వస్తాయి. కావలసింది విత్తు: జబ్బులేని పక్క చేపల చెరువు నుంచి పచ్చనీరు తోడి పెట్టండి. రొయ్యల చెరువుకు మాత్రం ఇలా చేయకండి, వైరస్ రావచ్చు.

నీరు తేటబడి, గాజు గ్లాసులో కదిలే చుక్కలు కనిపిస్తే, పచ్చ ప్లాంక్టన్‌ను జంతు ప్లాంక్టన్ (నీటిలోని సూక్ష్మ జీవులు) తినేసిందన్నమాట. వరిచేల కలుపుమందు చెరువులోకి దిగి ప్లాంక్టన్‌ను చంపడం అరుదు.

మూడింటి రీడింగ్ వరుసగా రెండు రోజులు 8 దాటాక సగం మేతతో మొదలుపెట్టండి.