ఎగిరే పిట్టని కెమెరాలో పట్టడం: మైపాడు దారిలో నేర్చుకున్నది

మొదటి ఏడాది నేను నెల్లూరు దగ్గర మైపాడు సముద్రానికి పోయే దారిలో రొయ్యల గుంటల గట్ల మీద నిలబడి తీసిన ఫోటోల్లో సగం ఖాళీ ఆకాశమే, మిగతా సగంలో ఓ తోకో, ఓ రెక్క చివరో. పిట్ట వేగంగా పోతోంది కాబట్టి దొరకట్లేదు అనుకునేవాణ్ణి. అసలు సంగతి, అది ఎటు పోతుందో నాకు తెలియకపోవడం.

అందుకే వెళ్ళగానే కెమెరా ఎత్తకండి, ఓ పది నిమిషాలు ఊరికే చూడండి. కరెంటు తీగ మీద పసిరిక పిట్ట కూర్చుని ఉంటుంది, తూనీగ కనపడగానే దూసుకెళ్ళి, పట్టుకుని చాలాసార్లు మళ్ళీ ఆ తీగ మీదికే వచ్చి దాన్ని టపటపా బాదుతుంది. దాని వెంట లెన్స్ తిప్పడం దండగ. ఆ చోటి మీద ఫోకస్ పెట్టి ఉంచి, అది వచ్చే వైపు ఫ్రేములో ఖాళీ వదిలి, తిరిగొస్తుంటే బరస్ట్ (ఆగకుండా వరసగా ఫోటోలు) కొట్టండి. గుంట మీద తిరిగే టెర్న్ (నీళ్ళలోకి దూకి చేపలు పట్టే పిట్ట) ముక్కు కిందికి దించి, ఉన్నచోటే రెక్కలాడించిందంటే దూకబోతోందని గుర్తు.

సెట్టింగులు పెద్ద కథేం కాదు. మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ (వెలుగుకి తగ్గట్టు సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే సర్దుకుంటుంది), ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే పిట్ట కదిలేకొద్దీ ఫోకస్ వెంటాడేలా (కేనన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో ఏఎఫ్-సి). కొంగలకి షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు చాలు, టెర్న్‌లకి 1/2500, వానకోవెలలకి 1/3200 పైనే. తెల్లకొంగ ముదురు పచ్చని వరి ముందు ఎగురుతుంటే ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు) కాస్త తగ్గించండి, లేకపోతే ఈకలన్నీ సున్నం పూసినట్టు వస్తాయి.

చేయి తిరగడానికి కొంగలే మంచివి. మడి దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనకాలే వందల్లో తిరుగుతుంటాయి, మిమ్మల్ని పట్టించుకోవు. మోచేతులు పక్కలకి ఆనించి నడుము నుంచి తిరగండి, జూమ్ తగ్గించి పిట్టని దూరంలోనే అందుకుని తర్వాత పెంచండి, క్లిక్ అయ్యాక కూడా కెమెరా ఆపకుండా పిట్టతో పాటే తిప్పండి.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. పిట్టలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. ఎండా గాలీ రెండూ మీ వీపు వైపు ఉంటే పిట్ట మొహం మీ వైపే. మన సముద్రం తూర్పున కదా, డిసెంబరు, జనవరిల్లో ఈశాన్యం గాలి తోలే రోజు పొద్దున్నే సముద్రానికి వీపు పెట్టి నిలబడితే రెండూ కలిసొస్తాయి. పడమటి గాలి ఉన్నరోజు తోకలే దొరుకుతాయి, ఏం చేస్తాం.

తాటాకు అడుగున ఉమ్మితో గూడు అతికించుకునే బుల్లి స్విఫ్ట్ పిట్టల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. నాకు మూడేళ్ళకి ఒక్కటి దొరికింది, అదీ కొంచెం మసగ్గానే.

ఏసీ గదిలోంచి తీసిన లెన్స్ బయటి ఉక్కకి ఆవిరి పడుతుంది, సంచిలోనే ఓ అరగంట ఉంచి తీయండి. ఇంటికొచ్చాక ఉప్పు పోయేలా తడిగుడ్డతో పైపైన తుడవండి, గాజుని మాత్రం ముట్టుకోకుండా.