డిజిటల్ టీవీ ప్రసార ప్రమాణాన్ని రూపొందించడం ఎలా: డీవీబీ-టీ2 నమూనాగా

ప్రసార ప్రమాణానికి పూనుకునేవారు మొట్టమొదట అవసరాల పత్రం రాయాలి. అందులో ఏ సాంకేతిక పద్ధతి పేరూ ఉండకూడదు. 1993లో ఐరోపాలో ఏర్పడిన డీవీబీ (డిజిటల్ వీడియో బ్రాడ్‌కాస్టింగ్) ప్రాజెక్టులో ఈ బాధ్యత వాణిజ్య విభాగానిది. యాంటెన్నాతో అందుకునే ప్రసారాలకు రెండో తరం ప్రమాణంగా డీవీబీ-టీ2ను తలపెట్టినప్పుడు, ఇళ్ల మీది యాంటెన్నాలనూ ఉన్న ప్రసార కేంద్రాలనూ మార్చకుండానే, అవే పరిస్థితుల్లో మొదటి తరంకంటే కనీసం 30 శాతం ఎక్కువ సమాచారం పంపగలగాలని ఆ పత్రం కోరింది. ‘నాణ్యత బాగుండాలి’ వంటి వాక్యం ఎవరినీ కట్టడి చేయదు కనుక దాన్ని రాయకపోవడమే మేలు.

తర్వాత సభ్య సంస్థల నుంచి ప్రతిపాదనలు పిలిచి, అన్నిటినీ ఒకే రకం సిమ్యులేషన్లతో పోల్చాలి. లాభంతోపాటు రిసీవర్ చిప్‌లో పెరిగే మెమరీని కూడా లెక్కించాలి. పాత ప్రమాణాల్లో పనికొచ్చేదాన్ని కారణం లేకుండా వదులుకోకూడదు: టీ2 దోష సవరణ విధానాన్ని ఉపగ్రహ ప్రమాణమైన ఎస్2 నుంచే తీసుకుంది. ఉపవాహకాలను, అంటే సమాచారాన్ని పంచుకుని ఒకేసారి మోసే సన్నని తరంగాలను, 32కె అనే స్థాయి వరకు పెంచడం మాత్రం కొత్త. వాటి సంఖ్య పెరిగితే ఒక్కో సింబల్ (ఒక విడతలో పంపే సంకేత ఖండం) వ్యవధి పెరుగుతుంది. కొండలను, భవనాలను తాకి ఆలస్యంగా వచ్చే సంకేతాల నుంచి కాపాడేందుకు సింబల్‌ల మధ్య ఉంచే విరామం అంతే ఉన్నా మొత్తంలో దాని వాటా తగ్గి, ఆ మేరకు సమాచారానికి చోటు మిగులుతుంది. కదిలే వాహనంలో ఇది సరిగా పనిచేయకపోవచ్చు, కానీ అవసరాల పత్రం ప్రధానంగా కోరింది కదలని యాంటెన్నాలకు ప్రసారం.

ముసాయిదాలో ప్రసారమయ్యే సంకేతాన్ని మాత్రమే నిర్వచించి, రిసీవర్ లోపలి నిర్మాణాన్ని తయారీదారులకు వదిలేయాలి. ఆపైన వేర్వేరు బృందాలు ఆ ముసాయిదాను మాత్రమే చదివి, విడివిడిగా సాఫ్ట్‌వేర్ నమూనాలు రాసుకుని, ప్రతి దశలోనూ ఫలితాలను సరిపోల్చుకోవాలి. తేడా వచ్చిన చోట ఎవరో ఒకరు పొరబడి ఉండవచ్చు, లేదా వాక్యమే రెండర్థాలకు తావిచ్చి ఉండవచ్చు. రెండోదైతే వాక్యాన్ని తిరగరాయాలి. నా దృష్టిలో ఈ దశకు ఎంత సమయం ఇచ్చినా ఎక్కువ కాదు.

పేటెంట్లున్న సభ్యులు న్యాయమైన, వివక్ష లేని షరతులపై లైసెన్సు ఇస్తామని ముందే ఒప్పుకోవాలి. డీవీబీ స్టీరింగ్ బోర్డు 2008లో టీ2ను ఆమోదించింది, ఐరోపా టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ 2009లో ప్రచురించింది, అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లో హెచ్‌డీ ప్రసారాలు మొదలయ్యాయి. మన దూరదర్శన్ భూతల డిజిటల్ ప్రసారాలకు ఎంచుకున్నదీ ఇదే. ప్రచురణతో పని ముగియదు: మొబైల్ సాధనాల కోసం టీ2-లైట్‌ను తర్వాతి సంచికలో చేర్చారు, కాబట్టి సవరణలు స్వీకరించే బృందాన్ని రద్దు చేయకూడదు.