బైక్ నట్లు, బోల్టులు వదులవుతుంటే ముందే ఎలా పసిగట్టాలి?

గతుకు వచ్చినప్పుడల్లా మీ బండి వెనక ఎక్కడో గలగలమంటోందా? ఆ చప్పుడుకు చెవులు అలవాటు పడకముందే ఒకసారి కూర్చుని చూడండి. బైక్‌లో బోల్టు మామూలుగా ఒక్కరోజులో ఊడిపోదు. ముందు బిగువు తగ్గుతుంది. తర్వాత ఆ భాగం సన్నగా కదలడం, చప్పుడు చేయడం, తుప్పు రంగు పొడి రాల్చడం మొదలవుతుంది. నట్టు రోడ్డు మీద పడేది ఆ తర్వాతే. ఈలోగా చాలాసార్లు రోజులు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఆ ఆనవాళ్లు పట్టుకోవడం తెలిస్తే చాలు, పది పదిహేను నిమిషాల పని. దీనికి మెకానిక్ అయి ఉండక్కర్లేదు.

అసలు ఎందుకు వదులవుతాయి

బిగించిన బోల్టు కంటికి కనిపించనంతగా సాగుతుంది. సాగింది కాబట్టి మళ్లీ పాత పొడవుకు రావాలని లాగుతూ ఉంటుంది. రెండు భాగాలను కలిపి నొక్కి పట్టేది ఆ లాగుడే. అది గట్టిగా ఉన్నంతకాలం మరల మధ్య రాపిడి నట్టును తిరగనివ్వదు. బిగువు తగ్గి ఆ రెండు భాగాలు పక్కలకు జారడం మొదలైతే మాత్రం, ఒక్కో కుదుపుకు కాస్త చొప్పున నట్టు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది. అడ్డంగా వచ్చే ఇలాంటి కదలికే బోల్టుకు అసలు శత్రువని 1969లో జర్మన్ ఇంజనీర్ గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలు చేసి చూపించాడు. ఆయన పేరుతో పిలిచే పరీక్షను ఇప్పటికీ చేస్తున్నారు. మనం ఎంతో నమ్మే మామూలు స్ప్రింగ్ వాషర్ ఆ పరీక్షలో పెద్దగా నిలబడదు. కాబట్టి స్ప్రింగ్ వాషర్ ఉందిలే అని ధీమాగా ఉండకండి.

మన రోడ్ల మీద తిరిగే బండ్లలో ఎక్కువ భాగం సింగిల్ సిలిండర్‌వే. పిస్టన్ ఒక్కటే పైకీ కిందికీ ఊగుతుంటే ఆ ఊపు ఫ్రేమంతా పాకుతుంది. పాత బుల్లెట్ నడిపినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. దానికి తోడు స్పీడ్ బ్రేకర్లు, గోతులు, పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు. కొత్త బండికీ ఈ బాధ ఉంటుంది. కలిపిన చోట పెయింటు, మధ్యలో పెట్టే పలుచటి గ్యాస్కెట్లు నలిగి కాస్త సర్దుకుంటాయి, ఆ మేరకు బిగువు పోతుంది. చాలా కంపెనీలు 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపే మొదటి సర్వీసు పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ‘కొత్త బండే కదా’ అని ఆ సర్వీసు ఎగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఏమేం కావాలి

8, 10, 12, 14, 17 నంబర్ల రింగు పానాలు, ఒక అలెన్ కీ సెట్టు, టార్చి లైటు, గుడ్డ, తెల్లటి లేదా పసుపు పెయింటు మార్కర్. పెయింటు మార్కర్ స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. అది లేకపోతే గోళ్ల రంగైనా సరిపోతుంది. బండి కొన్నప్పుడు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ వెతికి పక్కన పెట్టుకోండి. నోరు వెడల్పుగా ఉండే మామూలు పానా కన్నా రింగు పానా మేలు, నట్టు మూలలు అరగవు. కటింగ్ ప్లయర్‌తో నట్టు తిప్పే అలవాటుంటే మానేయండి.

మొదటి పని: కడగండి, చూడండి

బురద పట్టిన బండిలో ఏదీ కనిపించదు. కడిగి, ఆరనిచ్చి, ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. సెంటర్ స్టాండ్ వేసి టార్చి కొట్టి ఒక్కో నట్టు చుట్టూ చూడండి.

వదులైన చోటు ఎలా ఉంటుందో చెబుతాను. వాషర్ అంచు కింద నుంచి ఇటుక రంగు పొడి సన్నగా బయటికి వచ్చి ఉంటుంది. తడి తగిలితే అది చారగా కారి ఎండిపోతుంది. ఇనుము మీద ఇనుము రాసుకుంటే వచ్చే పొడి అది. కొన్నిచోట్ల దానికి బదులు వాషర్ చుట్టూ పెయింటు లేచిపోయి లోహం తళతళా మెరుస్తుంది. బోల్టంతా తుప్పు పట్టి ఉంటే అది పాత తుప్పు, అంతగా భయపడనక్కర్లేదు. చుట్టూ శుభ్రంగా ఉండి ఒక్క ఆ అంచునే పొడి ఉంటే మాత్రం అక్కడ కదలిక ఉన్నట్టే. ఇంజిన్ కవర్ల దగ్గర పొడికి బదులు ఆయిల్ చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తాయి.

రెండో పని: గీత గీయండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. సరిగ్గా బిగించి ఉన్న నట్టు మీద నుంచి దాని పక్కనున్న కదలని భాగం మీదికి పెయింటు మార్కర్‌తో ఒక గీత గీయండి. నట్టు కాస్త తిరిగినా గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. ఆ తర్వాత ప్రతిసారీ పానా పట్టుకోనక్కర్లేదు, ఒక చూపు చాలు. లారీల, బస్సుల చక్రాల నట్లకు పసుపు రంగు ప్లాస్టిక్ బాణాలు తగిలించి ఉండటం చూసే ఉంటారు. అవి పెట్టేది కూడా ఇందుకే. ఇరుసు నట్లు, బ్రేక్ బోల్టులు, ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులు, హ్యాండిల్ క్లాంపులు, సైడ్ స్టాండ్ బోల్టు, వీటన్నిటికీ గీతలు పెట్టుకోండి.

మూడో పని: వెనక చక్రం

నన్నడిగితే వెనక చక్రం నుంచే మొదలుపెట్టమంటాను. పంక్చర్ పడ్డప్పుడల్లా విప్పి బిగించేది ఇక్కడే, అది కూడా రోడ్డు పక్కన, హడావిడిగా.

డ్రమ్ బ్రేక్ ఉన్న చాలా బండ్లలో బ్రేక్ ప్లేటు నుంచి చైన్ పక్కనున్న ఇనుప చట్రానికి, అంటే స్వింగ్ ఆర్మ్‌కు, ఒక పట్టీ బిగించి ఉంటుంది. జానెడు కన్నా కాస్త పొడవుంటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. మీరు బ్రేక్ తొక్కినప్పుడు చక్రంతో పాటు బ్రేక్ ప్లేటు కూడా తిరిగిపోకుండా ఆపేది ఆ ఒక్క పట్టీయే. దాని బోల్టు ఊడితే, బ్రేక్ వేయగానే ప్లేటు చక్రంతో కలిసి తిరుగుతుంది, బ్రేక్ రాడ్ వంగి చుట్టుకుంటుంది, చక్రం జామ్ అయిపోవచ్చు. అందుకే ఆ నట్టు తిరిగి ఊడిపోకుండా దానికి స్ప్లిట్ పిన్, అంటే రెండు కాళ్ల చిన్న ఇనుప పిన్, పెడతారు. పిన్ ఉందా, రెండు కాళ్లూ విడదీసి వంచారా అని చూడండి. పిన్ బదులు తీగ ముక్క కనిపిస్తే ఆరోజే మార్పించండి. ఒకసారి తీసిన పిన్ను మళ్లీ వాడొద్దు. కొత్తది కొన్ని రూపాయలకే వస్తుంది.

ఇరుసు నట్టు బిగువుగా ఉందా, చైన్ అడ్జస్టర్ల మీది గీతలు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయా చూడండి. చైన్‌ను మధ్యలో పట్టి పైకీ కిందికీ కదపండి. మామూలు కమ్యూటర్ బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది. మీ బండికి ఎంతన్నది మాన్యువల్‌లోనో, చైన్ దగ్గరి స్టిక్కర్ మీదో చూసుకోండి. చైన్ లింకుకు క్లిప్పు ఉంటే, దాని మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశలో ముందుకు ఉండాలి. తెరిచి ఉన్న వైపు ముందుంటే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు లేచిపోతుంది.

చివరగా చక్రాన్ని పైనా కిందా పట్టి అటూ ఇటూ ఊపండి. ఆట కనిపిస్తే బేరింగులు గానీ స్వింగ్ ఆర్మ్ బుష్‌లు గానీ పోయినట్టు. అది షెడ్డులో చేయించాల్సిన పని. స్పోకుల చక్రమైతే పానాతో ఒక్కో స్పోకును మెల్లగా తట్టండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది.

నాలుగో పని: ముందు భాగం

ఇంట్లో ఎవరినైనా పిలిచి, సెంటర్ స్టాండ్ మీదున్న బండి వెనక భాగాన్ని కిందికి నొక్కి పట్టమనండి. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ముందు చక్రానికి రెండు వైపులా ఉండే ఫోర్కుల కింది కొసలు రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్కుమని చేతికి తెలిస్తే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, వదులైంది. తర్వాత హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ గుంటలు పడింది, బిగించి లాభం లేదు, మార్చాల్సిందే.

డిస్క్ బ్రేక్ ఉంటే కాలిపర్‌ను (డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) ఫోర్కుకు పట్టి ఉంచే రెండు బోల్టులు, డిస్కును చక్రానికి పట్టి ఉంచే బోల్టులు చూడండి. ముందు ఇరుసు, దాన్ని పక్కనుంచి నొక్కే చిన్న బోల్టు ఉంటే అదీ. హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి చూడండి, క్లాంపుల్లో తిరగకూడదు. అద్దాల సంగతి తేలికే గానీ ఒక్క మాట: యమహా లాంటి కొన్ని బండ్లలో కుడివైపు అద్దానికి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకు వ్యతిరేకంగా తిప్పితే బిగుస్తుంది. ఎటు తిప్పితే బిగుస్తుందో చూసుకోకుండా బలం పెట్టకండి.

ఐదో పని: మధ్య భాగం, చుట్టుపక్కలవి

ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులు వదులైతే ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్‌లో కొత్తగా వణుకు మొదలవుతుంది. ‘బండి పాతబడింది, వైబ్రేషన్ వస్తోంది’ అని సరిపెట్టుకునే ముందు వీటిని చూడండి. సైలెన్సర్ బెండు పైపు ఇంజిన్‌కు కలిసే చోట నల్లటి మసి చారలుంటే అక్కడి నట్లు వదులైనట్టో, గ్యాస్కెట్ పోయినట్టో. సైడ్ స్టాండ్ బోల్టు, స్ప్రింగు, గేర్ రాడ్, క్రాష్ గార్డ్, నంబర్ ప్లేటు: ఒక్కోదాన్నీ చేత్తో కదిపితే చాలు. బ్యాటరీ టెర్మినళ్లు కూడా మరవొద్దు. సెల్ఫ్ ఒకసారి పలికి ఒకసారి పలక్కపోతే కొత్త బ్యాటరీ కొనేముందు ఆ రెండు స్క్రూలు చూడండి.

సారీ గార్డ్‌ను మాత్రం చిన్నచూపు చూడకండి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. చీర కొంగు, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. చప్పుడు చేస్తోందని ఆ గార్డ్‌ను విప్పి ఇంట్లో పడేసేవాళ్లున్నారు. బిగిస్తే పోయే చప్పుడు అది.

బిగించేటప్పుడు

వదులుగా ఉండటం ఎంత ప్రమాదమో, అతిగా బిగించడమూ అంతే. చిన్న బోల్టుకు పైపు తగిలించి బలమంతా పెడితే బోల్టు అతిగా సాగి తెగుతుంది, లేదా అల్యూమినియంలో మర పోతుంది. మాన్యువల్‌లో ప్రత్యేకంగా చెప్పని చోట 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత ఇది), 8 మిల్లీమీటర్ల దానికి సుమారు 22 సరిపోతాయి. 10 న్యూటన్ మీటర్లంటే, పది సెంటీమీటర్ల పానా చివర దాదాపు 10 కిలోల బరువు వేలాడదీసినంత. చిన్న పానాను మణికట్టుతో తిప్పితే వచ్చే బలం అది, భుజం బలం అక్కర్లేదు. ఇరుసు, కాలిపర్ లాంటి వాటికి టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని కొలిచే పానా) ఉన్న షెడ్డుకు వెళ్లడం మంచిది.

ఏ బోల్టునైనా ముందు రెండు మూడు చుట్లు వేళ్లతో తిప్పండి. వేళ్లకు తిరగకపోతే మర కలవలేదని అర్థం, విప్పి మళ్లీ పెట్టండి. మాన్యువల్ చెప్పకుండా మరకు గ్రీజు, ఆయిల్ రాయొద్దు. రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు మరింత సాగిపోతుంది. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు చేత్తోనే హాయిగా తిరిగిపోతుంటే దాని పని అయిపోయింది, కొత్తది వేయండి.

మాటిమాటికీ వదులయ్యే బోల్టుకు థ్రెడ్ లాకర్, అంటే మరను పట్టి ఉంచే జిగురు, మంచి మందు. నీలం రంగుది తీసుకోండి, మామూలు పానాతో మళ్లీ విప్పుకోవచ్చు. ఎర్రది వేస్తే వేడి చేస్తే గానీ రాదు. మరను నూనె లేకుండా తుడిచి ఒక్క చుక్క వేస్తే చాలు. ప్లాస్టిక్ మీద పడనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. అంతా చేశాక కూడా అదే బోల్టు మళ్లీ వదులైతే తప్పు బోల్టుది కాదు. దాని బ్రాకెట్ వంగి ఉండొచ్చు, రబ్బరు బుష్ నలిగి ఉండొచ్చు, మర అరిగి ఉండొచ్చు. అల్యూమినియంలో మర పోతే పెద్ద బోల్టు దూర్చకుండా, లోపల కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట (హెలికాయిల్) వేయించుకోండి. లేత్ షాపుల్లో వేస్తారు.

ఎప్పుడెప్పుడు

గీతలు పెట్టుకున్నాక వారానికి ఒకసారి ఐదు నిమిషాల చూపు సరిపోతుంది. నెలకోసారి పైన చెప్పిందంతా చేయండి. శ్రీశైలం ఘాట్‌కో అరకుకో బయల్దేరే ముందురోజు, తిరిగొచ్చాక కూడా చూడండి. దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు ఎలాగూ బండిని మూలమూలలా కడుగుతాం, పసుపు కుంకుమ పెట్టేముందు పానా కూడా పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా మీ బండి మీద చెయ్యి వేసిన తర్వాత: పంక్చర్ అయినా, సర్వీసు అయినా. అక్కడే నిలబడి, ఏ నట్టు విప్పారో దాన్ని చూసుకుని, 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. ‘అన్నా, స్ప్లిట్ పిన్ పెట్టావా?’ అని అడిగితే మంచి మెకానిక్ ఎవరూ నొచ్చుకోరు.

ఇక దారిలో ఏదైనా ఊడిపోతే. ఫుట్‌రెస్టు, నంబర్ ప్లేటు, మడ్‌గార్డ్ లాంటి వాటికి అదే సైజు బోల్టును సైడ్ కవర్ దగ్గర్నుంచి తీసి తాత్కాలికంగా వాడుకోవచ్చు. సీటు కింద రెండు జిప్ టైలు, రెండు మూడు 6, 8 మిల్లీమీటర్ల బోల్టులు ఉంచుకుంటే ఆ అవసరం కూడా రాదు. బ్రేకు, ఇరుసు, హ్యాండిల్, చైన్ విషయంలో మాత్రం తీగ కట్టి ‘మెల్లగా వెళ్లిపోదాం’ అనుకోవద్దు. బండిని పక్కన పెట్టి మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి, లేదా ఆటో ట్రాలీలో ఎక్కించండి.