మంచాన ఉన్న రోగికి మలబద్ధకం: సమస్య – పరిష్కారం

మార్ఫిన్ మొదలుపెట్టాక విరేచనం ఆగిపోయింది

క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్, ట్రమడాల్ వంటి మందులు పేగుల మీద కూడా పనిచేసి వాటి కదలికను మందగింపజేస్తాయి కనుక, మలం లోపలే ఎక్కువసేపు నిలిచి, అందులోని నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. ఈ మందుల వల్ల కలిగే మగత, వికారం చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి గానీ, మలబద్ధకం మాత్రం మందు వాడినంత కాలం ఉంటుంది. అందువల్ల మొదటి రోజు నుంచే సెన్నా, బిసకోడిల్ వంటి పేగులను కదిలించే మందును కూడా డాక్టరు చేత రాయించుకోవాలి. నొప్పి మందును సొంతంగా ఆపకూడదు. ఇంట్లో ఉంది కదా అని ఇసబ్గోల్ ఇవ్వడమూ మంచిది కాదు. తగినన్ని నీళ్లు తాగలేని రోగికి అది లోపల ముద్దకట్టి అడ్డుపడవచ్చు.

నాలుగైదు రోజులు ఏమీ కాక, తర్వాత నీళ్లలా కారుతోంది

ఇంటివాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డైపరులో కొంచెం కొంచెంగా, రోగికి తెలియకుండానే పడే పలుచని మరకలను చూసి విరేచనాలు పట్టుకున్నాయని, వాటిని ఆపే లోపెరమైడ్ మాత్ర వేస్తారు. చాలాసార్లు అది రాయిలా గట్టిపడిన మలం పక్కల నుంచి జారుతున్న నీరు మాత్రమే. ఆ మాత్రతో అడ్డు మరింత బిగుస్తుంది. డాక్టరు గానీ నర్సు గానీ వేలితో పరీక్షించి, అవసరమైతే గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) లేదా ఎనిమా (మలద్వారం గుండా ఎక్కించే ద్రవం) ఇస్తారు. కీమోథెరపీ వల్ల తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గిన రోగికి డాక్టరును అడగకుండా వీటిని వాడరాదు.

వస్తున్నట్లున్నా రావడం లేదు

పడుకుని బెడ్‌పాన్‌లో విసర్జించడం ఆరోగ్యవంతుడికే కష్టం. పైగా కోడలు ఎదురుగా నిలబడి ఉంటే మామగారు బిగబట్టుకుంటారు. లేచి కూర్చోగల రోగిని ఉదయం ఫలహారం తర్వాత, పేగులు సహజంగా కదిలే వేళ, కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టి, పాదాల కింద చిన్న పీట వేసి, తెర వేసి ఇవతలికి రావాలి.

ఇవేవీ కారణం కాకపోతే

వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, ఐరన్ మాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ వాడుతున్నారేమో చీటీలో చూడాలి. విపరీతమైన దాహం, అతిమూత్రం, అయోమయం తోడైతే రక్తంలో కాల్షియం పెరిగిందేమో పరీక్ష చేయించడం అవసరం.

పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు విరేచన మందు ఏదీ ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నడుము నొప్పితో కాళ్లలో పట్టు తప్పి, మూత్రం కూడా ఆగితే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండవచ్చు కనుక, తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే బయలుదేరాలి.