టచ్‌ప్యాడ్ బటన్ పోయిందా? కీబోర్డుతో క్లిక్ కొట్టండి

హన్మకొండలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని లైనక్స్ ఎక్కించుకున్న తమ్ముళ్లు చాలామందే ఉన్నరు కదా, వాటిలో ముందుగా పోయేది టచ్‌ప్యాడ్ కింది లెఫ్ట్ బటనే. దాని కోసం రిపేర్ షాపుల చుట్టూ తిరగకండి. కీబోర్డు కీల పనిని మనకు నచ్చినట్టు మార్చే కీడీ అని చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఉచితమే. వేసుకున్నాక ఈటీసీ ఫోల్డర్‌లోని కీడీలో డిఫాల్ట్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిచి, ఐడీస్ అనే హెడ్డింగ్ (చదరపు బ్రాకెట్లలో) కింద నక్షత్రం గుర్తు, మెయిన్ అనే హెడ్డింగ్ (అదీ బ్రాకెట్లలోనే) కింద రైట్‌ఆల్ట్ ఈక్వల్స్ లెఫ్ట్‌మౌస్, రైట్‌కంట్రోల్ ఈక్వల్స్ రైట్‌మౌస్ అని రాసి (ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, పేరు మధ్యలో స్పేస్ లేకుండా) టెర్మినల్‌లో సుడోతో (అంటే అడ్మిన్ అనుమతితో) కీడీ రీలోడ్ కొడితే అయిపోయె.

ఇక కుడివైపు ఆల్ట్ కీయే లెఫ్ట్ క్లిక్, కుడివైపు కంట్రోల్ కీ రైట్ క్లిక్. ఆ ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని టచ్‌ప్యాడ్ మీద వేలు జరిపితే డ్రాగ్ కూడా అవుతుంది, నాకైతే అదే అసలు లాభం. లైనక్స్‌లో స్క్రీన్‌ని నడిపే వ్యవస్థ ఎక్స్‌లెవెన్ అయినా వేలాండ్ అయినా పనిచేస్తుంది. రైట్ ఆల్ట్‌తో రూపాయి గుర్తు కొట్టే అలవాటుంటే మాత్రం వేరే కీ చూసుకోండి.

ఏదో తప్పు రాసి కీబోర్డు మొరాయిస్తే టెన్షన్ వద్దు, బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ మూడూ ఒకేసారి నొక్కితే కీడీ ఆగిపోతుంది.