పల్స్ మోటారు ఆగిపోతుంటే, బ్యాటరీకి ఛార్జ్ ఎక్కకపోతే

పర్లాకిమిడి, గుణుపురం వైపు సైన్స్ ఎగ్జిబిషన్‌కి పల్స్ మోటారు (అయస్కాంతాలు అతికించిన చక్రాన్ని కాయిల్‌లో ఆగి ఆగి పారే కరెంటు నెట్టి తిప్పే మోటారు; ఒక బ్యాటరీ దాన్ని నడిపితే రెండోది దాని నుంచి ఛార్జ్ అవుతుంది) కడుతున్న పిల్లలకు, వాళ్లకు సాయం చేసే మాస్టార్లకు ఈ నాలుగు మాటలు.

చేత్తో తిప్పి వదిలితే చక్రం కాసేపటికే ఆగిపోతోందా? ముందు ట్రిగర్ కాయిల్ (ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేసే కాయిల్) కొసలు రెండూ అటూ ఇటూ మార్చి కలపండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. అప్పటికీ తిరగకపోతే అయస్కాంతాలన్నీ ఒకే ధ్రువం బయటికి ఉండేలా అతికించారో లేదో చూడండి. వైండింగ్ షాపులో కొన్న రాగి తీగకు ఎనామిల్ పూత ఉంటుంది, కొసలు బాగా గీకాకే సోల్డరింగ్ చేయాలి.

మోటారు తిరుగుతుండగా ఛార్జ్ అయ్యే బ్యాటరీ వైరు మాత్రం అస్సలు ఊడదీయొద్దు. కాయిల్‌లో కరెంటు తెగినప్పుడు పుట్టే పెద్ద వోల్టేజికి పోయే దారి లేక ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. ట్రాన్సిస్టర్ కాళ్లయిన కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య చిన్న నియాన్ బల్బు పెట్టండి. అది వెలిగితే ఆ బ్యాటరీ కనెక్షన్ లూజయిందేమో చూసుకోవాలి. ఛార్జ్ అయ్యే బ్యాటరీకి కరెంటు పంపే డయోడ్‌గా 1ఎన్4007 కంటే యూఎఫ్4007 నయం, అది త్వరగా తెరిచి మూస్తుంది.

మోటారును నడిపే మొదటి బ్యాటరీ ఇచ్చిన శక్తి కంటే ఎక్కువ రెండోదానికి చేరదు. ఆ ఆశతో పార్టులు మార్చుతూ డబ్బు పోగొట్టుకోవద్దు, పిల్లలకూ ఈ సంగతి ముందే చెప్పండి.

మోటారు నడుస్తుండగా మీటరు చూపే అంకె నమ్మకండి. ఆపి, కొన్ని గంటలు బ్యాటరీని ముట్టకుండా ఉంచి కొలవండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే సుమారు 12.7 చూపుతుంది.