క్లచ్ పెడల్ సగంలో ఆగిపోతోందా? కేబుల్ కొనే ముందు బుష్ చూడండి

క్లచ్ తొక్కితే కిర్రుమంటుంది. కాలు తీస్తే పెడల్ సగంలో ఆగి, ఆ తర్వాత టప్పున పైకొస్తుంది. బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు నుంచి మారతహళ్ళి దాకా పాకుతూ వచ్చిన రోజు ఎడమ మోకాలు కూడా లాగేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఇలా అయినా మొదట అడిగేది, "అన్నా, కేబుల్ ఎంతవుతుంది?" అని. మ్యాట్ తీసి చూశారా అంటే చూసి ఉండరు.

దయచేసి ముందు అది చూడండి. డ్రైవర్ కాళ్ళ దగ్గరున్న మ్యాట్లన్నీ తీసేసి, ఇంజన్ ఆపి, పదిసార్లు తొక్కండి. ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేస్తే అది ముందుకు జరిగి పెడల్‌కు అడ్డం పడుతుంది. అదే మ్యాట్ రేపు యాక్సిలరేటర్‌ను పట్టేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మ్యాట్ తీసినా పెడల్ పట్టేస్తుంటే అప్పుడు టార్చి పట్టుకుని కిందికి దూరండి. నేను చెప్పేది కేబుల్ క్లచ్ ఉన్న, అంటే పెడల్ ఒక ఇనుప తీగతో క్లచ్‌ను లాగే చిన్న కార్ల గురించి. హైడ్రాలిక్ (ద్రవంతో పనిచేసే) క్లచ్ అయితే పెడల్ వెనక పుష్‌రాడ్ (పెడల్ తోసే కడ్డీ) దగ్గర వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఆ ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ కారుతున్నట్టే.

నేను దెబ్బతిన్నది బుష్ దగ్గర. పెడల్ ఊగే ఇరుసుకు రెండువైపులా చిన్న ప్లాస్టిక్ బుష్‌లుంటాయి, అంటే పెడల్ నున్నగా తిరగడానికి వేసే గొట్టం లాంటి రింగులు. ఐదేళ్ళ కిందట నా కారు ఇలాగే చేస్తే, పెడల్ నుంచి కేబుల్ విప్పి చేత్తో ఊపి చూశాను. వెన్నలా కదిలింది. పెడల్ బాగుంది, తప్పు కేబుల్‌దే అనుకుని కొత్తది వేశాను. నాలుగు రోజులకు మళ్ళీ కిర్రు. షెడ్డులో క్లచ్ ప్లేట్ అరిగిందన్నారు. క్లచ్ సెట్టు మొత్తం మార్పించి 8 వేలు కట్టాను. ఆ వారమే తిరుపతి వెళ్తుంటే, పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో లారీ వెనక గేరు మార్చబోతే పెడల్ సగంలోనే ఉండిపోయింది. ఇంట్లోవాళ్ళంతా బండిలో ఉన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

నా పరీక్షే తప్పు. చాలా కార్లలో కేబుల్ పెడల్ చేతికి (పెడల్ ఉన్న కడ్డీకి) ఒక పక్కన తగులుకుంటుంది. తొక్కిన ప్రతిసారీ పెడల్‌ను పక్కకు మెలితిప్పుతుంది. దాంతో బుష్ చుట్టూ సమానంగా అరగదు, ఒకవైపే కోలగా అరుగుతుంది. కేబుల్ విప్పితే ఆ లాగుడు ఉండదు కాబట్టి ఎంత అరిగిన బుష్ అయినా హాయిగా తిరుగుతుంది. అందుకే కేబుల్ ఉండగానే చూడాలి. ఒకరు సీట్లో కూర్చుని మెల్లగా తొక్కాలి, మీరు కింద నుంచి ఇరుసు దగ్గర టార్చి కొట్టాలి. పెడల్ చేయి పక్కకు ఒరిగితే దొంగ దొరికినట్టే. స్ప్రే నూనె కొట్టి "తగ్గిపోయింది" అనుకోవద్దు. అది లోపల మిగిలిన గ్రీజును కూడా కడిగేస్తుంది, కొన్నాళ్ళకు ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగండి, స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, పొరపాటున పేలకూడదు. గేర్‌బాక్స్ వైపు కేబుల్ వదులు చేయండి. ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. రిటర్న్ స్ప్రింగు తీసేటప్పుడు కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. కొన్ని కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఇరుసుగా ఉండేది ఒకటే పొడుగు బోల్టు. అది లాగితే బ్రేకు పెడల్ వాషర్లు కూడా రాలతాయి, వాటి వరస తప్పకూడదు. బ్రేకు పుష్‌రాడ్ పొడవు మాత్రం ముట్టుకోకండి. ఏమాత్రం పెరిగినా బ్రేకులు పట్టుకునే ఉండి వేడెక్కుతాయి.

బోల్టు మీద గోరుతో గీసి చూడండి. మెట్టులా తగిలితే బోల్టు కూడా మార్చాలి, లేకపోతే కొత్త బుష్‌ను అదే తినేస్తుంది. తుప్పయితే సన్న ఎమ్రీ కాగితంతో రుద్దితే చాలు. జేసీ రోడ్డులో నాకు రెండు బుష్‌లూ కలిపి 100 రూపాయలు కూడా కాలేదు. పాతది చేతిలో పట్టుకెళ్ళండి. రెండూ మార్చండి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే గ్రీజు పూయండి, విప్పిన స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయండి. నట్టు బిగించాక, కేబుల్ తగిలించక ముందే పెడల్ తన బరువుకు తానే ఊగాలి. ఆ తర్వాత కేబుల్ తగిలించి, మీ కారు పుస్తకంలో రాసినంత ఫ్రీ ప్లే (క్లచ్ అందుకునే ముందు పెడల్‌లో ఉండే ఖాళీ కదలిక) పెట్టండి. అది లేకుండా బిగిస్తే ప్లేటు జారుతుంది, బేరింగు పోతుంది.

పెడల్ వంగడం, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ మన కాళ్ళకూ మధ్య ఉండే రేకు గోడ) పగలడం చాలా అరుదు, వాటి జోలికి మొదటే పోవద్దు. ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్ తేడా చేస్తే విప్పి బాగుచేయకండి, మొత్తం యూనిట్ మార్చాలి. బ్రేకు పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగుతుంటే బండి కదిలించకుండా మెకానిక్‌నే పిలవండి.

బండి తీసే ముందు బ్రేకు తొక్కి, వెనక గోడ మీద పడే వెలుగులో బ్రేకు లైట్లు చూసుకోండి. కాలు తీశాక కూడా గోడ ఎర్రగానే ఉంటే పెడల్ దగ్గరి స్విచ్ సరిగా కూర్చోలేదు. తర్వాత ఇంజన్ ఆపి బ్రేకు ఐదుసార్లు తొక్కండి, గట్టిపడ్డాక నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. అలా దిగితే బేస్‌మెంట్‌లో నాలుగు చుట్లు తిప్పి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.